చెవిన పడితేనే రాయాలి

వ్యవసాయం చేసే ఇంట్లో సెలవనేది ఉండదు. పండగనాడు కూడా గొడ్లకి మేత వెయ్యాలి, పాలు పితకాలి, నీటి వంతు వస్తే అర్ధరాత్రయినా పార భుజాన వేసుకుని కాలవ గట్టుకి పోవాలి. అలాంటి మా నాన్న ఏడాదికి ఒక్క పొద్దు మాత్రం పొలం మాట ఎత్తేవాడు కాదు. పుష్య బహుళ పంచమి. తిరువైయారులో త్యాగరాజస్వామి ఆరాధన జరిగే రోజు.

చాలా ఏళ్ళు అది సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకే వచ్చేది. తెనాలి చుట్టుపక్కల మా ఊళ్ళవైపు అవి కుప్పలు నూర్చే రోజులు. ఊరు ఊరంతా కళ్ళాల్లోనే ఉండేది. నాన్న మాత్రం ఆ పొద్దున తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద చాప వేసి, దాని మీద పీట వేసి, పీట మీద రేడియో పెట్టేవాడు. అమ్మ పెసరపప్పు నానబెట్టి వడపప్పు చేసేది. తొమ్మిది గంటల ప్రాంతంలో తిరువైయారు నుంచి ప్రత్యక్ష ప్రసారం మొదలయ్యేది. ఆ గంటా ఎవరు పిలిచినా నాన్న పలికేవాడు కాదు. కళ్ళంలో కూలీలు ఎదురు చూస్తున్నారని కబురొస్తే అమ్మే వీధిలోకి వెళ్ళి, "పాట అయ్యాక వస్తారు" అని చెప్పి పంపేది.

రేడియో అంటే పెద్దదేమీ కాదు, రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టరు. గోధుమరంగు తోలు కవరు, స్పీకరున్న చోట సన్నటి చిల్లులు, భుజాన తగిలించుకోడానికి పట్టీ. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టే లైసెన్సు పుస్తకం ఒకటి ట్రంకు పెట్టెలో పొలం పట్టాలతో పాటు ఉండేది. దసరాకి నాగలికీ కొడవళ్ళకీ పూజ చేసినప్పుడు అమ్మ రేడియోకి కూడా పసుపూ కుంకుమా పెట్టేది. ఒక ఏడు విజయవాడ స్టేషను తగిలే చోట సరిగ్గా అద్దం మీద బొట్టు పెట్టింది. అది చెరిగిపోతే మళ్ళీ అక్కడే పెట్టింది. చివరికి మా ఇంట్లో విజయవాడ స్టేషను అంటే బొట్టు దగ్గర అన్నమాట.

రేడియో సెల్లులు ఖరీదైన వస్తువు మాకు. గొంతు నీరసించి పాట గరగరమంటుంటే, వెంటనే కొత్తవి కొనేవాళ్ళం కాదు. మూత తీసి, సెల్లులు బయటికి తీసి అరుగు చివర ఎండలో వరసగా పేర్చేవాళ్ళం. సాయంత్రం వాటిని తీసుకొచ్చే పని నాది. గౌను ఒళ్ళో వేసుకుని తెచ్చేదాన్ని. ఆ వెచ్చదనం ఇప్పటికీ తెలుస్తుంది నాకు. అప్పుడే పెట్టిన కోడిగుడ్లలా ఉండేవి. లోపల పెట్టి మీట తిప్పగానే పాట కాస్త పుంజుకునేది. నాన్న నా వంక చూసి నవ్వేవాడు. ఆ పాట నేనే తెచ్చినట్టు ఉండేది నాకు.

నాన్నకి సంగీతం ఎవరూ నేర్పలేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటికి నాన్నకి ఆరేళ్ళు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఊరి పంచాయతీకి రేడియో వచ్చింది. సాయంత్రం లౌడుస్పీకరు పెట్టేవాళ్ళట. బర్రెల్ని తోలుకొస్తూ దాని కింద నిలబడి విన్న పాటలే ఆయన చదువు. రాగాల పేర్లు తెలియవు. అయినా ఆరాధనలో అందరూ కలిసి పాడే త్యాగయ్య పంచరత్న కీర్తనలు ఐదింటికీ ఆయన లెక్కలు ఆయనకి ఉండేవి. మొదటిది, నాట రాగంలోది, "నాగలి పట్టే ముందు తలపాగా చుట్టుకున్నట్టు ఉంటది" అనేవాడు. రెండోది గౌళలో వచ్చే దుడుకుగల. త్యాగయ్య తన తప్పులన్నీ తానే ఏకరువు పెట్టుకుని, నన్నెవడు కాపాడతాడని అడిగే కీర్తన. అది వస్తున్నంతసేపూ నాన్న తల వంచుకుని కూర్చునేవాడు. ఎందుకని చిన్నప్పుడు నేను అడగలేదు, పెద్దయ్యాక అడగాలనిపించలేదు. చివరిది శ్రీరాగంలో ఎందరో మహానుభావులు. అది మొదలవగానే మాత్రం మొహం విప్పారేది. "నూర్పిడి అయిపోయి రాశి ముందు నిలబడ్డట్టు" అనేవాడు.

మామూలు రోజుల్లో తెల్లవారుజామున ఆకాశవాణి సంకేత ధ్వనితో నాకు మెలకువ వచ్చేది. తర్వాత వందేమాతరం, మంగళవాద్యం, భక్తిరంజని. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతులో రామదాసు కీర్తన వస్తే పాలు పితికే అమ్మ చేతి లయ కూడా మారేదనిపించేది. వోలేటి వెంకటేశ్వర్లు గారు సంగీత శిక్షణలో ఒక్కో పంక్తీ పాడి, విద్యార్థుల చేత పాడించి, తప్పు వస్తే మళ్ళీ మొదటికొచ్చేవారు. ఎంతో పెద్ద విద్వాంసుడు, ఎదురుగా లేని మాబోటి పిల్లల కోసం అంత ఓపికగా నేర్పడం తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మా ఊళ్ళో పాట నేర్పేవాళ్ళు లేరు. నాకు గురువు ఆ చిల్లుల తోలు కవరే.

అలా మొదలైంది నా పాటల పుస్తకం. అట్ట ఉన్న పొడుగు నోటుబుక్కు, ఎరువుల లెక్కలకని నాన్న కొన్నది. మొదటి నాలుగు పేజీల్లో బస్తాల లెక్కలు, ఐదో పేజీ నుంచి పాటలు. రేడియోలో పాట వస్తుంటే విని రాసుకోవాలి. రేడియో ఆగదు కదా, ఒక పంక్తి రాసేలోగా రెండు పంక్తులు వెళ్ళిపోయేవి. అందని మాట దగ్గర ఖాళీ వదిలేసి ముందుకి పోయేదాన్ని. ఆ పాట మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. వారానికి రావచ్చు, ఏడాదికి రావచ్చు. వచ్చిన రోజు ఆ ఖాళీ దగ్గర పెన్సిలు పెట్టుకుని ఊపిరి బిగపట్టి కూర్చోవడం, ఆ మాట చెవిన పడడం, పడగానే రాయడం! పరీక్షలో ఫస్టు మార్కొచ్చినా అంత సంతోషం కలగలేదు నాకు.

ఒకసారి ఖాళీలో నాకు తోచిన మాట రాసేశాను. నాన్న చూసి రబ్బరుతో తుడిపించాడు. "విన్నదే రాయమ్మా. అనుకున్నది రాయకు. చెవిన పడితేనే రాయాలి" అన్నాడు. అదే ఆ పుస్తకానికి నియమమైంది.

ఎందరో మహానుభావులు కీర్తనకి ఏడాదికి ఒక్కసారే అవకాశం. మొదటి చరణంలో సామగానలోల దగ్గర మొదలై ధన్య దాకా పట్టుకున్నాను. ఆ తర్వాతి మాట ఏ ఏడూ అందలేదు. వందల గొంతులు కలిసి పాడతాయి, పైగా దూరపు ప్రసారం, మధ్యలో గరగర. ఆ ఒక్క మాట దగ్గర అంగుళమంత ఖాళీ అలాగే ఉండిపోయింది.

చదువులు, ఉద్యోగం, హైదరాబాదు. క్యాసెట్లు కొన్నాను, తర్వాత సీడీలు, తర్వాత అన్నీ ఫోన్లోకే వచ్చాయి. ఆ మాట వెతకాలంటే నిమిషం పని. వెతకలేదు. ఎవరైనా కచేరీలో ఆ కీర్తన అందుకుంటే ఆ చరణం వచ్చేసరికి మనసు ఎటో పోయేది, కావాలనే పోనిచ్చేదాన్నేమో. ఆ ఖాళీ పుస్తకంలో ఉన్నంతకాలం నేను అరుగు మీదే కూర్చున్నట్టు ఉండేది. ఊరెళ్ళినప్పుడు ఆ పేజీ తీసి చూసుకునేదాన్ని. "ఒకసారి తిరువైయారు పోయి వింటే దొరుకుద్దిలే" అనేవాడు నాన్న. ముప్పై ఏళ్ళుగా అదే మాట. పొలం వదిలి పోవడం ఎప్పటికీ కుదరలేదు.

2016 జనవరిలో కుదిరింది. నాన్నకి డెబ్భై నాలుగు. అంతకుముందు ఏడే పొలం కౌలుకిచ్చాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. "నేను టీవీలో చూస్తాలే, మీరిద్దరూ కనిపిస్తారేమో" అని పులిహోర కట్టి ఇచ్చింది. నాన్న చేతిసంచీలో రెండు పంచెలు, పాటల పుస్తకం, ట్రాన్సిస్టరు. అక్కడ మనుషులే ఎదురుగా పాడతారు కదా నాన్నా, రేడియో ఎందుకంటే, "ఉండనీ, అదీ రావాలిగా" అన్నాడు.

తెనాలిలో పొద్దున్నే పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి మద్రాసులో దిగాం. నాన్న ఎప్పుడూ మద్రాసనే అన్నాడు. రాత్రి ఎగ్మోరులో తంజావూరు బండి. బోగీ మీద పేరు చదివి, ఉళవన్ ఎక్స్‌ప్రెస్సు అని చెప్పాను. పక్క బెర్తు ఆయన్ని అడిగితే, ఉళవన్ అంటే దున్నేవాడు, రైతు అని చెప్పాడు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రైతు పేరు పెట్టారా రైలుకి!" అని బోగీ గోడని అరచేత్తో నిమిరాడు, కొత్తగా కొన్న ఎద్దు మూపు నిమిరినట్టు.

తెల్లవారుజామున కుంభకోణం దాటాక నిద్ర లేచి కిటికీ దగ్గర కూర్చున్నాడు. మంచు తెరలో వరి చేలు. కొన్ని కోతకొచ్చి వాలిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల కుప్పలేసి ఉన్నాయి. కాలవలు, గట్ల మీద కొబ్బరి చెట్లు, గేదెలు. "ఇది మన ఊరే కదమ్మా" అన్నాడు. నిజంగానే ఎక్కడా పరాయి చోటు అనిపించలేదు. కృష్ణమ్మ బదులు కావేరి, అంతే. త్యాగరాజస్వామి పూర్వులు తెలుగు గడ్డ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, బతుకంతా ఈ తిరువైయారులోనే గడిపి, 1847లో ఇక్కడే సమాధి అయ్యారు. చుట్టూ తమిళం వినపడే వీధుల్లో ఇంటింటా బియ్యం అడిగే ఉంఛవృత్తి చేసుకుంటూ, ఆ బియ్యంతో ఇల్లు గడుపుకుంటూ తెలుగులో అన్ని పాటలు కట్టారు. ఆ పచ్చటి చేలు చూశాక నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

తంజావూరు నుంచి తిరువైయారు పదమూడు కిలోమీటర్లు. దారిలో ఐదు నదులు దాటాలి: వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. ఐదు నదుల ఊరు కాబట్టే ఆ పేరు. బస్సులో నాన్న ఒక్కో వంతెన రాగానే వేలు మడిచాడు. నాలుగో వేలు మడిచాక బస్సు ఆగిపోయింది. ముందంతా కార్లు, బస్సులు, జనం. పావుగంటైనా కదల్లేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. ముప్పై ఏళ్ళు ఎదురుచూసి, ఇంత దూరం వచ్చి, వంతెన అవతల పాట అయిపోతుందేమోనని కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. "నడుద్దాం పద" అని నాన్నే దిగాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఆ ఎండలో నాకంటే ముందు నడిచాడు. కావేరి వంతెన మీద ఒక్క క్షణం ఆగి ఐదో వేలు మడిచాడు.

వెళ్ళేసరికి పందిరి నిండిపోయింది. లోపలికి అడుగు పెట్టే సందు లేదు. సమాధి మందిరం శిఖరం మాత్రం జనం తలల మీదుగా కనిపిస్తోంది. నాదస్వరం అయిపోయి వేణువు మొదలైంది. పంచరత్నాలకి ముందు వేణువు మీద చేతులారా కీర్తన వాయిస్తారు, అది అక్కడి ఆనవాయితీ. ఇక ఆలస్యం చెయ్యకుండా పక్కగా ఏటి వైపు వెళ్ళి, ఒక చెట్టు కింద చోటు చూసుకున్నాం. మాలాగే బయట ఉండిపోయినవాళ్ళు వందలమంది ఉన్నారు. కావేరిలో నీళ్ళు పల్చగా పారుతున్నాయి.

అంతమంది విద్వాంసులు ఒక్కసారి నాట రాగం ఎత్తుకున్నారు. దాని గురించి ఏం రాయాలో నిజంగా తెలియడం లేదు. నలభై ఏళ్ళు రేడియో చిల్లుల్లోంచి విన్న శబ్దానికి ఉన్నట్టుండి వెడల్పు వచ్చింది. పందిట్లోంచి వస్తోంది, స్పీకర్లలోంచి వస్తోంది, మా పక్కన కూర్చున్నవాళ్ళ నోళ్ళలోంచి వస్తోంది. పూలమ్మే అమ్మాయి పెదవులు కూడా కదులుతున్నాయి. నాన్న సంచీలోంచి ట్రాన్సిస్టరు తీశాడు. ముల్లు అటూ ఇటూ తిప్పితే తిరుచ్చి స్టేషనులో అదే పాట దొరికింది. చిన్నగా పెట్టి చెవికి ఆనించుకున్నాడు. పందిట్లో పాడిన అక్షరం ఒక్క క్షణం ఆలస్యంగా రేడియోలో పలుకుతోంది. "రెండు చోట్లా వింటన్నానమ్మా. ఇక్కడా, అరుగు మీదా" అన్నాడు.

మా పక్కన అరవై ఐదు, డెబ్భై మధ్య వయసున్న తమిళావిడ కూర్చుని ఉంది. ఆవాల రంగు కంచిచీర, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఒళ్ళో తమిళ లిపిలో అచ్చయిన కీర్తనల పుస్తకం. ప్రతి అక్షరం మీద వేలు పెట్టి పాడుతోంది. నాలుగో కీర్తన వరాళి రాగంలోది. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చుని నేర్పకూడదని పాతకాలపు నమ్మకం, అందుకే అది చాలామందికి రాదంటారు. ఆవిడ దాన్ని కూడా తడుముకోకుండా పాడింది. అప్పుడు నా వైపు తిరిగి, తెలుగా అని సైగ చేసి అడిగింది. అవునన్నాను. ఆ మొహంలో వచ్చిన వెలుగు మర్చిపోలేను. మా భాషలో మాట్లాడే అదృష్టానికి అంత గౌరవం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

శ్రీరాగం మొదలైంది. నేను పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. పెన్సిలు తీశాను. సామగానలోల వచ్చింది. చెవులు రిక్కించి విన్నాను. వెయ్యి గొంతుల హోరులో ఆ మాట మళ్ళీ కరిగిపోయింది. పెన్సిలు అలాగే ఉండిపోయింది. నాన్న నా వంక చూశాడు, లేదన్నట్టు తల ఊపాను.

ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. పాట పూర్తయి, కర్పూర హారతి గంటలు మోగి, జనం లేవడం మొదలయ్యాక నా పుస్తకంలోని ఖాళీ మీద వేలు పెట్టి, ఏమిటిది అన్నట్టు కళ్ళెగరేసింది. వచ్చీరాని తమిళంలో, చేతులతో, ఎలాగో చెప్పాను. తన పుస్తకంలో ఆ చరణం తీసింది. కళ్ళజోడు సర్దుకుని, వేలితో కూడబలుక్కుంటూ ఒక్కో ముక్కా చదివింది. సామగానలోల. మనసిజ. లావణ్య. దన్య. తర్వాత ఆగి, నా మొహంలోకి చూస్తూ నెమ్మదిగా పలికింది: "మూర్దన్యులు."

నాన్న ట్రాన్సిస్టరు కట్టేశాడు. "మళ్ళీ చెప్పండమ్మగారూ" అన్నాడు తెలుగులోనే. ఆవిడకి అర్థమైంది. మళ్ళీ చెప్పింది.

నేను రాశాను. చెయ్యి వణికింది. తమిళ లిపిలో ఒత్తు అక్షరాలకి వేరే గుర్తులు ఉండవు కదా, ఆవిడ ధకి ఒత్తు లేకుండానే పలికింది. నేను ఒత్తు పెట్టబోతుంటే నాన్న ఆపాడు. "ఆమె ఎట్టా చెప్పిందో అట్టానే రాయి" అన్నాడు.

అప్పుడు ఆవిడ వంతు. అనుపల్లవిలో ఒక మాట మీద వేలు పెట్టి నాన్నని అడిగింది. అందచందము. తమిళంలో అంద అంటే ఆ అని అర్థం, ఆవిడకి అది ఎన్నేళ్ళుగానో చిక్కుముడి. నాన్న చుట్టూ చూశాడు. ఆవిడ మనవరాలు కాబోలు, ఏడెనిమిదేళ్ళ పిల్ల పట్టుపరికిణీతో, జడలో కనకాంబరాలతో, ఇసుకలో ఒంటికాలి మీద గెంతుతోంది. నాన్న ఆ పిల్లని చూపించి, "అందం" అన్నాడు. ఆ పిల్ల గెంతే తీరుని చేత్తో గాలిలో గీసి చూపించి, "చందం" అన్నాడు. ఆవిడ మనవరాల్ని చూసింది, పుస్తకం చూసింది. "అళగు" అంది మెల్లగా. పుస్తకాన్ని కళ్ళకి అద్దుకుంది. ఎన్నో ఏళ్ళుగా నోటితో పాడుతున్న మాట అప్పుడు అర్థమైతే ఎలా ఉంటుందో నేను ఆ కళ్ళలో చూశాను. నాన్న కంటే గొప్పగా ఏ నిఘంటువూ చెప్పలేదని నా నమ్మకం.

జనం పల్చబడ్డాక సమాధి దగ్గరికి వెళ్ళాం. బెంగుళూరు నాగరత్నమ్మ గారి గురించి నాన్నకి రేడియో వల్లే తెలుసు. పాడుబడ్డ ఆ చోట 1920లలో తన సంపాదనంతా పెట్టి గుడి కట్టించిన మహాతల్లి ఆవిడ. ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్న రోజుల్లో ఊరుకోకుండా ఆడవాళ్ళతో వేరుగా ఆరాధన జరిపించింది. ఇప్పుడు పందిట్లో ఆడా మగా ఎదురెదురుగా కూర్చుని ఒకే గొంతుగా పాడుతున్నారంటే ఆ పట్టుదల వల్లే. ఆవిడ సమాధి త్యాగరాజస్వామికి ఎదురుగా ఉంటుంది. నాన్న రెండు చోట్లా ఒకేలా సాష్టాంగపడ్డాడు. నేను ఆవిడ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను.

మధ్యాహ్నం ఏటి ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. తమిళావిడకి, ఆ పిల్లకి కూడా పెట్టాం. ఆవిడ మాకు పెరుగన్నం పెట్టింది. అమ్మకి ఫోన్ చేస్తే, "మీరెక్కడా కనపడలేదే! కళ్ళు చిట్లించుకుని చూశా" అంది. లోపలికి పోలేకపోయామని నేను బాధగా చెబుతుంటే నాన్న ఫోన్ లాక్కుని, "ఆ మాట దొరికింది" అన్నాడు. అమ్మ ఏ మాట అని అడగలేదు.

ఆ ఏడు నవంబరులో బాలమురళీకృష్ణ గారు పోయారని వార్తల్లో విని నాన్న ఆ పూట అన్నం తినలేదు. మరుసటి జనవరిలో ఎప్పటిలాగే అరుగు మీద చాప, పీట, దాని మీద ట్రాన్సిస్టరు. నేను సెలవు పెట్టి ఊరెళ్ళాను. శ్రీరాగం వచ్చినప్పుడు నాన్న పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. ఈసారి వందల గొంతుల్లో ఆ మాట స్పష్టంగా, ఒత్తుతో సహా వినపడింది. పెన్సిలు తీసి నాన్న వంక చూశాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. పెన్సిలు మళ్ళీ పెట్టేశాను. ఆ పేజీలో ఇప్పటికీ మూర్దన్యులు అనే ఉంది.